పించ్ హార్మోనిక్: బొటనవేలి ఒడుపు కన్నా ముందు తీగ మీది చోటు తెలియాలి

పది సార్లు మీటితే మూడు సార్లు కీచుమని పలుకుతుంది, ఏడు సార్లు టక్కుమని చచ్చిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ మీద పించ్ హార్మోనిక్, అంటే మీటిన తీగను బొటనవేలి అంచుతో తాకి పలికించే సన్నని పై స్వరం, సాధన మొదలుపెట్టిన దాదాపు ప్రతి ఒక్కరి అనుభవం ఇదే. ఆ మూడు సార్లు ఎందుకు పలికిందో, మిగతా ఏడు సార్లు ఎందుకు పలకలేదో అంతుపట్టదు. చేతితో చేసింది మాత్రం పది సార్లూ ఒకటే అనిపిస్తుంది. అప్పుడు అందే సలహాలు కూడా ఒకే తీరుగా ఉంటాయి: ఇంకాస్త గట్టిగా మీటాలి, బొటనవేలిని ఇంకాస్త ముందుకు తేవాలి, యాంప్లిఫయర్‌లో గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) పెంచాలి. ఈ మూడింటిలో మొదటిది తప్పు. రెండోది సగం నిజం. మూడోది నిజమే కానీ నేర్చుకునే దశలో మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అసలు కిటుకు బొటనవేలు తాకే చోటులో ఉంది. ఆ చోటు అయిదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఫలితం మారిపోతుంది. పైగా నొక్కే చేయి ఒక్క ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) జరిగినా ఆ చోటు కూడా జరుగుతుంది. ఈ సంగతి చెప్పకుండా బొటనవేలి భంగిమను మాత్రమే నేర్పడం వల్లే ఇంత మంది నెలల తరబడి అదృష్టం మీద ఆధారపడి మీటుతున్నారు.

పేరులో గిల్లడం ఉన్నా నిజానికి ఇందులో తీగను గిల్లేది ఏమీ లేదు. పిక్ (తీగను మీటే చిన్న బిళ్ల) తీగను మీటి దాటిన మరుక్షణం, అదే పిక్‌ను పట్టుకున్న బొటనవేలి అంచు తీగను రవ్వంత తాకి తప్పుకుంటుంది. ఆ తాకిడితో మామూలుగా వినిపించాల్సిన స్వరం అణగిపోయి, దానికి రెండు మూడు స్థాయిల పైనున్న సన్నని స్వరం ఒకటి మిగులుతుంది. యాంప్లిఫయర్‌లో శబ్దాన్ని కరకుగా మార్చే డిస్టార్షన్ తోడైతే అదే కేకలా, కూతలా వినిపిస్తుంది. పైకి మాయలా కనిపించే ఈ పని వెనక ఉన్నది చాలా సరళమైన తీగ లెక్క.

తీగ ఒక్క స్వరాన్నే పలకదు

మీటిన తీగ రెండు కొసల మధ్య మొత్తంగా ఊగుతుంది. అదే సమయంలో రెండు సగాలుగా, మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా, ఇంకా సన్నని ముక్కలుగా కూడా ఊగుతూ ఉంటుంది. మొత్తంగా ఊగే కదలికది మూలస్వరం. మిగిలినవి దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల పౌనఃపున్యంతో పలికే అనుస్వరాలు. శ్రుతి చక్కగా కుదిరిన తంబూరాలో ఎవరూ మీటని గాంధారం గాలిలో తేలుతూ వినిపించడం సంగీతం తెలిసినవారికి కొత్త కాదు. వాటిని స్వయంభూ స్వరాలు అంటారు. పించ్ హార్మోనిక్‌లో బయటపడేవీ అవే. కొత్త స్వరాన్ని పుట్టించడం అంటూ ఏమీ ఉండదు. ఉన్నవాటిలో అక్కరలేనివాటిని అణచివేయడమే జరుగుతుంది.

ఒక్కో అనుస్వరానికీ తీగ మీద కదలకుండా ఉండే చోట్లు కొన్ని ఉంటాయి. భౌతికశాస్త్రం వీటిని అస్పందన స్థానాలు అంటుంది. సగాలుగా ఊగే కదలికకు నట్టనడుమ ఒక నిశ్చలమైన చోటు ఉంటుంది. మూడు ముక్కల కదలికకు మూడో వంతు దగ్గర ఒకటి, మూడింట రెండు వంతుల దగ్గర మరొకటి ఉంటాయి. 1677లోనే జాన్ వాలిస్ లండన్ రాయల్ సొసైటీ పత్రికకు రాసిన లేఖలో ఈ చోట్లను కళ్లకు కట్టే ప్రయోగం ఉంది. తీగ మీద చిన్న కాగితపు ముక్కలను ఉంచి కంపింపజేస్తే, కదిలే చోట ఉన్నవి వణుకుతాయి, నిశ్చలమైన చోట ఉన్నవి నిలిచే ఉంటాయి. 1701లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ సావూర్ ఆ నిశ్చల స్థానాలకు ముడి అనీ, వాటి మధ్య ఉబ్బే భాగాలకు పొట్ట అనీ అర్థమిచ్చే పేర్లు పెట్టాడు.

కాగితపు ముక్క స్థానంలో వేలు పెడితే హార్మోనిక్ పుడుతుంది. వేలు తాకిన చోట కదలాల్సిన కంపనాలన్నీ ఆగిపోతాయి. అక్కడ ఎలాగూ కదలని కంపనాలు మాత్రం వేలు తగిలిన సంగతే తెలియనట్టు సాగుతాయి. పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించి మీటితే సగం, ఏడో ఫ్రెట్ మీద మూడో వంతు, అయిదో ఫ్రెట్ మీద నాలుగో వంతు పలికే సహజ హార్మోనిక్‌లు గిటార్ నేర్చుకునేవారందరికీ తెలిసినవే. అక్కడ తీగ పూర్తి పొడవుతో ఉంటుంది కనుక చోట్లు మారవు. ఫ్రెట్లే గుర్తులుగా పనికొస్తాయి.

పించ్ హార్మోనిక్‌లో పరిస్థితి వేరు. ఎడమచేయి అప్పటికే ఏదో ఒక ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి ఉంటుంది. తాకే పని మీటే చేతి బొటనవేలి మీద పడుతుంది. ఊగే తీగ పొడవు ఇప్పుడు మెడ చివర తీగ ఆనే నట్ నుంచి కాదు, నొక్కిన ఫ్రెట్ నుంచి, ఒంటి మీద తీగ రెండో కొస ఆనే బ్రిడ్జి దాకా. పొడవు మారితే దాని ఆరో వంతూ మారుతుంది, ఏడో వంతూ మారుతుంది. తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌ల మధ్య ఉన్న ఆ ఖాళీలో ఫ్రెట్లూ ఉండవు, చుక్కలూ ఉండవు. సరైన చోటును చూపించే గుర్తు ఒక్కటీ లేని ప్రాంతంలో మిల్లీమీటర్ల లెక్కన గురి చూడాల్సి రావడమే ఇందులోని అసలు కష్టం.

ఒకే చోటు, అయిదు ఫలితాలు

ఒక్క ఉదాహరణను దగ్గరగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఫెండర్ గిటార్లలో సాధారణంగా కనిపించే స్కేల్ పొడవు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ గిటార్లలో అది 24.75 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. 648 మిల్లీమీటర్ల గిటార్‌లో మూడో తీగను అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కితే సి స్వరం పలుకుతుంది. దాని పౌనఃపున్యం సుమారు 262 హెర్ట్జ్. ఊగే పొడవు 485 మిల్లీమీటర్లు. బ్రిడ్జి నుంచి కొలిస్తే దీని నాలుగో వంతు 121 మిల్లీమీటర్ల దగ్గర, అయిదో వంతు 97 దగ్గర, ఆరో వంతు 81 దగ్గర, ఏడో వంతు 69 దగ్గర, ఎనిమిదో వంతు 61 దగ్గర పడతాయి. బ్రిడ్జి వైపు వెళ్లేకొద్దీ చోట్లు దగ్గరవుతున్నాయి: మొదట 24 మిల్లీమీటర్ల ఎడం, చివరికి ఎనిమిది మాత్రమే. బొటనవేలి మెత్తని భాగం వెడల్పే అంతకన్నా ఎక్కువ. వేలి పొట్టతో కాకుండా గోరు పక్కనున్న సన్నని అంచుతో తాకాలనే నియమం ఇక్కడి నుంచే వచ్చింది. పొట్టతో తాకితే పక్కపక్క చోట్లన్నిటినీ ఒకేసారి కప్పేసి, తీగనే మూగబోయేలా చేస్తుంది.

ఇప్పుడు బొటనవేలిని 81 మిల్లీమీటర్ల దగ్గరే, అంటే మూడు పికప్‌ల స్ట్రాటోకాస్టర్‌లో బ్రిడ్జి పికప్‌కూ మధ్య పికప్‌కూ నడుమ, కదలకుండా ఉంచి ఎడమచేతిని మాత్రమే జరిపితే ఏం జరుగుతుందో చూడాలి. ఖాళీ తీగకు 81 సరిగ్గా ఎనిమిదో వంతు, కాబట్టి ఎనిమిదో అనుస్వరం పలుకుతుంది. రెండో ఫ్రెట్ దగ్గర అది దాదాపు ఏడో వంతు. అయిదో ఫ్రెట్ దగ్గర ఆరో వంతు. ఎనిమిదో ఫ్రెట్ దగ్గర అయిదో వంతు. పన్నెండో ఫ్రెట్ దగ్గర నాలుగో వంతు. మీటే చేయి కదలలేదు, చోటు మారలేదు, అయినా అయిదు వేర్వేరు అనుస్వరాలు పలికాయి. మరి ఈ ఫ్రెట్ల నడుమ ఉన్న మూడు, నాలుగు, ఆరు, తొమ్మిది, పది ఫ్రెట్ల సంగతి? అక్కడ అదే చోట తాకితే బొటనవేలు ఏ ముఖ్యమైన నిశ్చల స్థానం మీదా సరిగ్గా పడదు. పలికితే ఏదో బలహీనమైన అనుస్వరం పలుకుతుంది, లేదా టక్కుమంటుంది. పదిలో మూడు సార్లే పలకడానికి చాలా సందర్భాల్లో కారణం ఇదే. బొటనవేలు తప్పు చేయలేదు. దాని కింద తీగ పొడవు మారింది.

ఇదే లెక్కను తిరగేసి చూస్తే ఉపాయం కనిపిస్తుంది. అదే ఆరో అనుస్వరాన్ని పట్టి ఉంచాలంటే, అయిదో ఫ్రెట్ నుంచి ఆరో ఫ్రెట్‌కు వెళ్లినప్పుడు మీటే చేయి బ్రిడ్జి వైపు నాలుగున్నర మిల్లీమీటర్లు జరగాలి. ఏడో ఫ్రెట్‌కు తొమ్మిది. పన్నెండో ఫ్రెట్ చేరేసరికి మొత్తం 27. నొక్కే చేయి బ్రిడ్జి వైపు వస్తుంటే మీటే చేయి కూడా దాని నుంచి తప్పుకుంటున్నట్టు బ్రిడ్జి వైపు సాగాలి. అనుభవం ఉన్న వాద్యకారులు ఈ అంకెలను తలుచుకోరు, కానీ వారి చేయి చేసేది మాత్రం ఇదే.

పిక్ ఎందుకు కాస్త పక్కన పడాలి

నేర్పేవారు తరచుగా వదిలేసే ఒక చిక్కు ఉంది. నిశ్చల స్థానంలో తాకితే ఆ అనుస్వరం బతుకుతుంది, నిజమే. కానీ అదే స్థానంలో మీటితే ఆ అనుస్వరం అసలు పుట్టదు. కదలని చోట మీటి ఆ కదలికను పుట్టించడం ఎవరి వల్లా కాదు. ఇక పించ్ హార్మోనిక్‌లో పిక్, బొటనవేలు ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకునే ఉంటాయి. మరి ఈ స్వరం ఎలా పలుకుతోంది?

పిక్ మొన సరిగ్గా బొటనవేలి అంచు కింద కాకుండా తీగ వెంబడి కొన్ని మిల్లీమీటర్ల పక్కన పడుతుంది కాబట్టి. ఆ కొద్ది ఎడమే అనుస్వరానికి ప్రాణం. అయిదో ఫ్రెట్ మీది ఆరో అనుస్వరం విషయంలో, ఆదర్శ తీగ లెక్క ప్రకారం, అయిదు మిల్లీమీటర్ల ఎడంలో మీటితే ఆ కంపనానికి అందే ఊపు, దాని పొట్ట నడుమ మీటితే అందేదానిలో అయిదో వంతుకు కాస్త తక్కువ. మూడు మిల్లీమీటర్లయితే తొమ్మిదో వంతే. పిక్‌ను తీగకు సమాంతరంగా చదునుగా పట్టుకోకుండా కొంచెం ఏటవాలుగా తిప్పి పట్టుకోమని చెప్పడంలోని సారం ఇదే. ఆ ఏటవాలే మొనకూ వేలి అంచుకూ మధ్య ఎడాన్ని ఇస్తుంది. పిక్ మొన వేళ్ల నుంచి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి బయటికి రాకూడదు. ఎక్కువ బయటికి వస్తే పిక్ తీగను దాటిన తర్వాత బొటనవేలు చేరడానికి ఆలస్యమవుతుంది, ఈలోగా మూలస్వరం వినిపించేస్తుంది. మందంగా, బిగువుగా ఉండే పిక్ ఇందుకు అనుకూలం. పలచని పిక్ వంగి, మొన ఎక్కడ పడుతుందో చేతికి తెలియకుండా చేస్తుంది.

ఈ లెక్క నుంచే ఇంకో సంగతి కూడా తేలుతుంది. పించ్ హార్మోనిక్ స్వభావతః బలహీనమైన శబ్దం. పుట్టుకలోనే దానికి అందే ఊపు తక్కువ, పైగా వేలు తాకిడితో తీగలోని శక్తిలో అధిక భాగం పోతుంది. గట్టిగా మీటితే ఈ లోటు తీరదు. మూలస్వరమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది, బలంగా దూసుకెళ్లిన చేతితో పాటు బొటనవేలు తీగను ఎక్కువసేపు రాసుకుని మిగిలిన కాస్త కంపనాన్నీ చంపేస్తుంది. కావలసింది బలం కాదు, తెగువ. తడబాటు లేని చిన్న మీటు. మణికట్టు తాళంచెవి తిప్పినట్టు కొద్దిగా తిరుగుతుంది. పిక్ కిందికి దిగుతుంది, వేలి అంచు తగులుతుంది, చేయి ఆగకుండా తీగను వదిలేస్తుంది. మూడూ వేర్వేరు పనులుగా చేస్తే కుదరదు, ఒకే కదలికలో జరగాలి. అరచేతి మడమ పక్క తీగల మీద ఆని ఉండవచ్చు కానీ మీటే తీగ మీద పడకూడదు. పడితే చోటు ఎంత సరిగ్గా కుదిరినా స్వరం ఊపిరాడక పోతుంది.

గెయిన్ చేసేదేమిటి, చేయనిదేమిటి

బలహీనమైన శబ్దం అంత పెద్ద కేకగా ఎలా మారుతుందన్న ప్రశ్నకు జవాబు యాంప్లిఫయర్‌లో ఉంది. డిస్టార్షన్ అంటే సంకేతాన్ని దాని హద్దు దాటేలా పెంచి, హద్దు మీరిన శిఖరాలను నరికేయడం. పెద్ద శబ్దం ఎంత పెద్దదైనా హద్దు దగ్గర ఆగిపోతుంది. చిన్న శబ్దం పెరిగి పెరిగి అదే హద్దును చేరుతుంది. అలా రెండింటి మధ్య తేడా చెరిగిపోతుంది. తీగలో మిగిలిన సన్నని అనుస్వరం మామూలు స్వరమంత గట్టిగా వినిపిస్తుంది.

కానీ ఇందులో ఒక షరతు ఉంది. బొటనవేలు పని సగమే చేసి మూలస్వరాన్ని సగం బతకనిస్తే, డిస్టార్షన్ ఆ మూలస్వరాన్నే పట్టుకుని పెంచుతుంది. అనుస్వరం దాని కింద నలిగిపోతుంది. పైగా గెయిన్ ఎక్కువగా ఉన్నప్పుడు తప్పు మీటు కూడా ఏదో ఒక కీచుగానే వినిపిస్తుంది. ఏది సరైనది, ఏది కాకతాళీయం అన్న తేడా చెవికి అందదు. అందుకే నేర్చుకునే తొలి రోజుల్లో గెయిన్ తగ్గించి, వీలైతే యాంప్లిఫయర్‌కు తగిలించకుండానే సాధన చేయడం మేలు. నిశ్శబ్దమైన గదిలో తగిలించని ఎలక్ట్రిక్ గిటార్ మీద సరైన పించ్ హార్మోనిక్ సన్నని గుసగుసలా వినిపిస్తుంది. ఆ గుసగుస వచ్చినచోట డిస్టార్షన్ పెడితే కేక తప్పకుండా వస్తుంది. తిరగేసి చెప్పలేం. డిస్టార్షన్‌లో కేక వచ్చిందని ఆ చోటు చేతికి చిక్కినట్టు కాదు.

చరిత్ర కూడా ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది. ఇప్పటి మెటల్ సంగీతపు దట్టమైన డిస్టార్షన్ రాకముందే, 1960ల తొలినాళ్లలోనే, రాయ్ బుకానన్ టెలికాస్టర్ మీద ఈ స్వరాలను పలికించాడు. ఒక్కో పికప్‌లో ఒకే తీగచుట్ట ఉండే (సింగిల్ కాయిల్) గిటార్ అది. ఆ తర్వాత 1970లలో జీజీ టాప్ బృందపు బిల్లీ గిబ్బన్స్ బ్లూస్ వాద్యంలో వీటిని తన ముద్రగా చేసుకున్నాడు. ఆయన నాణెంతో మీటడం కూడా గిటార్ లోకంలో అందరికీ తెలిసిందే. మెటల్‌లో జాక్ వైల్డ్ ఈ పద్ధతిని పతాక స్థాయికి తీసుకెళ్లాడు. పాంటెరా బృందపు డైమ్‌బ్యాగ్ డారెల్ కేకలను కూడా చాలామంది ఈ కోవలోనే చేరుస్తారు కానీ, ఆయన ప్రసిద్ధ కేకల్లో ఎక్కువ భాగం సహజ హార్మోనిక్‌లను ట్రెమొలో బార్‌తో (బ్రిడ్జిని కదిపి తీగల బిగువు మార్చే కడ్డీ) కిందికీ పైకీ లాగినవి. వాటిని బొటనవేలితో తెద్దామని గంటల కొద్దీ శ్రమించేవారికి ఈ తేడా తెలియడం అవసరం.

పికప్ ఎంపిక మరో సంగతి. పికప్ తనకు ఎదురుగా ఉన్న తీగ భాగం కదలికను మాత్రమే వింటుంది. బ్రిడ్జి దగ్గర మూలస్వరపు కదలిక చాలా చిన్నది, పై అనుస్వరాల కదలిక దానితో పోలిస్తే పెద్దది. కనుక బ్రిడ్జి పికప్ పించ్ హార్మోనిక్‌కు సహజమైన తోడు. ఇక స్ట్రాటోకాస్టర్‌లో నెక్ పికప్ బ్రిడ్జి నుంచి దాదాపు 162 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పై ఉదాహరణలోని 485 మిల్లీమీటర్ల తీగకు అది మూడో వంతు. మూడో వంతు చోటు ఆరో అనుస్వరానికి కూడా నిశ్చల స్థానమే. అంటే అయిదో ఫ్రెట్ మీద ఆరో అనుస్వరాన్ని ఎంత చక్కగా పలికించినా నెక్ పికప్ దాన్ని దాదాపుగా వినలేదు. చేయి సరిగ్గానే పని చేస్తున్నా స్వరం రాలేదని దిగులుపడే సందర్భాల్లో ఇదొకటి. పికప్ మీట బ్రిడ్జి వైపు ఉందో లేదో ముందు చూసుకుంటే ఆ దిగులు తప్పుతుంది. పాతబడి మసకబారిన తీగలు కూడా ఇలాంటి మోసమే చేస్తాయి. పై అనుస్వరాలు వాటిలో త్వరగా చచ్చిపోతాయి.

సాధన ఎలా సాగాలి

బొటనవేలి కదలిక ఒకటి రెండు రోజుల్లో పట్టుబడుతుంది. చోట్ల పరిచయానికి వారాలు పడుతుంది. సాధన సమయాన్నీ అదే నిష్పత్తిలో పంచుకోవాలి. మొదట ఒకే తీగ, ఒకే ఫ్రెట్. మూడో తీగ, అయిదో ఫ్రెట్ ఇందుకు బాగుంటాయి. మొదటి తీగ మరీ సన్నగా ఉండి అనుస్వరాలు మరీ పైకి పోతాయి కాబట్టి దానితో మొదలుపెట్టకపోవడం మంచిది. పికప్‌ల పక్కన, తీగల కింద గిటార్ ఒంటి మీద ఒక కాగితపు అంటుపట్టీ అతికించి, బ్రిడ్జి నుంచి కొలిచి 61, 69, 81, 97, 121 మిల్లీమీటర్ల దగ్గర గీతలు గీయాలి. స్కేల్ పొడవు వేరైన గిటార్ అయితే ఆ పొడవును 1.335తో భాగిస్తే అయిదో ఫ్రెట్ నుంచి మిగిలే పొడవు వస్తుంది. దాన్ని నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిదితో భాగించుకోవాలి.

ఆ తర్వాత ఒక్కో గీత మీద ఆగి, ఆ స్వరం వరసగా పది సార్లు పలికేదాకా మీటాలి. ఇక్కడ చెవి చేతి కన్నా ముందుండాలి. అయిదో ఫ్రెట్ మీది సిని షడ్జంగా అనుకుంటే, నాలుగో అనుస్వరం రెండు స్థాయిల పైనున్న షడ్జం. అయిదోది దాని మీది అంతర గాంధారం. ఆరోది పంచమం. ఏడోది కైశికి నిషాదం కన్నా రవ్వంత తగ్గిన స్వరం. ఎనిమిదోది మూడు స్థాయిల పైనున్న షడ్జం. వీటిని ముందుగా నోటితో పాడుకుని, ఆ తర్వాత వేలితో వెతకడం అన్నిటికన్నా దగ్గరి దారి. ఏ స్వరం రావాలో ముందే తెలిసిన చేయి గుడ్డిగా తడుముకోదు.

ఒక ఫ్రెట్ మీద కుదిరాక అంటుపట్టీని తీసేసి ఏడో ఫ్రెట్‌కు, అక్కడి నుంచి మూడో ఫ్రెట్‌కు వెళ్లాలి. గీతలు ఉన్నంతకాలం కన్ను పని చేస్తుంది. గీతలు తీసేశాకే చేతికి దూరాలు అలవాటవుతాయి. లయలో మామూలు స్వరాల నడుమ ఒక్క పించ్ హార్మోనిక్‌ను ఇమడ్చడం ఆ తర్వాతి మెట్టు. విడిగా పది సార్లు పలికినది వరసలో తప్పుతుంది, ఎందుకంటే మామూలు మీటుకు చేయి ఒక చోట ఉండి, హార్మోనిక్ కోసం మరో చోటికి దూకాల్సి వస్తుంది. ఆ దూకే దూరాన్ని తగ్గించడానికి మామూలు స్వరాలను కూడా ఆ చోటుకు దగ్గరలోనే మీటుతూ రావడం అనుభవజ్ఞుల అలవాటు.

ఏ అనుస్వరం, ఎక్కడ

ఇంత శ్రమపడి పలికించిన స్వరం పాటలో చేదుగా వినిపించే ప్రమాదం ఒకటుంది. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. పించ్ హార్మోనిక్ అంటే ఏదో ఒక కీచుశబ్దం కాదు, అదొక నిర్దిష్టమైన స్వరం. ఎ మైనర్ వరసలో వాయిస్తూ ఎ మీద అయిదో అనుస్వరాన్ని పలికిస్తే వచ్చేది సి షార్ప్. సాధారణ గాంధారం ఉండాల్సిన చోట అంతర గాంధారం దూరుతుంది. డిస్టార్షన్‌లో ఆ ఘర్షణ మరింత కరకుగా వినిపిస్తుంది. అదే ఎ మీద నాలుగు, ఆరు, ఎనిమిది అనుస్వరాలు షడ్జ పంచమాలే కనుక ఎక్కడైనా ఇమిడిపోతాయి. అదే వరసలో సి మీద అయిదో అనుస్వరం పలికిస్తే ఇ వస్తుంది, అది వరసలోనిదే, హాయిగా ఉంటుంది. ఏడో అనుస్వరం, ఫ్రెట్లు అనుసరించే సమవిభజన శ్రుతి కన్నా 31 సెంట్లు, అంటే అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు, తక్కువగా ఉంటుంది. బ్లూస్‌లో ఆ వంకర తీపిగా వినిపిస్తుంది, శుభ్రమైన స్వర వరసలో అపశ్రుతిగా తోస్తుంది. అయిదోది కూడా 14 సెంట్లు తక్కువే కానీ ఆ తేడాను కంపితంలో కలిపేసుకోవచ్చు.

కంపితం, తీగను లాగడం ఈ స్వరానికి ఊపిరి లాంటివి. నిలకడగా వదిలేసిన పించ్ హార్మోనిక్ యంత్రపు బీప్ శబ్దంలా ఉంటుంది. వెడల్పైన కంపితం తోడవగానే గొంతు వస్తుంది. జాక్ వైల్డ్ వాద్యంలో వినిపించే బలమంతా సగానికి పైగా ఆ ఎడమచేతి కంపితంలోనే ఉంది. ఇక్కడ తీగ లెక్క వాద్యకారుడికి సాయపడుతుంది. తీగను లాగినప్పుడు పెరిగేది బిగువు. పొడవు దాదాపు మారదు. కనుక నిశ్చల స్థానాలు ఉన్నచోటే ఉంటాయి. ముందే ఒక స్వరం మేర లాగి ఉంచిన తీగ మీద కూడా బొటనవేలు అదే చోట తాకాలి, ఫ్రెట్ మారినట్టు జరగనవసరం లేదు.

రికార్డింగులో విన్న ఒక కేకను తిరిగి పలికించాలన్నా ఇదే లెక్క దారి చూపిస్తుంది. ఏ తీగను ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో అంకెలతో రాసే ట్యాబ్‌లలో చాలాసార్లు నొక్కాల్సిన ఫ్రెట్, దాని పక్కన పి.హెచ్. అన్న అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఏ అనుస్వరమో రాయరు. అప్పుడు నొక్కిన స్వరాన్ని మామూలుగా మీటి, రికార్డింగులోని కేక దానికి ఎంత పైన ఉందో చెవితో పోల్చాలి. రెండు స్థాయిల పైనున్న షడ్జమైతే నాలుగు, దాని మీది గాంధారమైతే అయిదు, పంచమమైతే ఆరు. ఆ అంకె దొరికాక, నొక్కిన ఫ్రెట్ నుంచి బ్రిడ్జి దాకా ఉన్న పొడవును దానితో భాగించాలి. అంత దూరంలో, బ్రిడ్జికి ఇవతల, బొటనవేలి అంచు తగలాలి.